ఎడమ పదును

అమ్మ ఖమ్మంలో నా దగ్గరికి వచ్చేసినప్పుడు మంచాలూ బిందెలూ ఊళ్ళోవాళ్ళకు పంచేసి, ట్రాలీ ఆటోలో ఒక మొద్దు వేయించుకుని వచ్చింది. కట్టెలు కొట్టుకునే చింతమొద్దు. గ్యాస్ మీద వండుకునే ఇంట్లో ఇదెందుకే అని అడిగితే, "నువ్వు పుస్తకాలు మోసుకొచ్చుకోలేదా? గిది గూడ గట్లనే" అంది. మొద్దు వచ్చిందంటే పాత చీర గుడ్డలో చుట్టిన కత్తి కూడా వచ్చే ఉంటుందని నాకు తెలుసు. పెరట్లో గుంట తీయించి మొద్దును పాతించుకుంది. రోజూ ఎండ నడినెత్తికి వచ్చే వేళకు దాని ముందు కూర్చుని కొబ్బరిమట్టలో, వేపకొమ్మలో, ఏవీ లేకపోతే పక్కింటివాళ్ళు పారేసిన చెక్కపెట్టెలో, ఏదో ఒకటి కొట్టేది. ఎడమచేత్తో కొట్టేది. తినడం కుడిచేత్తో, ముగ్గు కుడిచేత్తో, నా చెవి మెలిపెట్టడమూ కుడిచేత్తోనే. కత్తి మాత్రం ఎడమచేతిలోకి వెళ్ళేది. పైన అద్దెకున్న కోచింగ్ కాలేజీ పిల్లలు "అమ్మమ్మా, జర సదువుకోనియ్యి" అని కిటికీలోంచి మొత్తుకునేవాళ్ళు. "నా కొట్టుడు ఇప్పుడే ఒడుస్తది. మీ సదువు ఒడిసేదా?" అనేది.

అమ్మ పోయాక ఆ వేళకు పెరట్లో చప్పుడు లేకపోవడం నాకు అలవాటు కాలేదు. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది. రెండూ వేరువేరు సంగతులని నా వయసుకు వచ్చినవాళ్ళందరికీ తెలుసు. మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం పప్పు తాలింపు వేస్తుంటే పెరట్లోంచి ఠప్పున దెబ్బ వినిపించింది. ఒకే దెబ్బ. గరిటె చేతిలోనే ఉంది, తాలింపు మాడిపోయింది, నేను మాత్రం కదల్లేదు. కాసేపటికి ధైర్యం తెచ్చుకుని తలుపు తీసి చూస్తే మొద్దు మీద అమ్మ దించిపెట్టిన కత్తి అలాగే ఉంది. దాని కర్రపిడి ఎండకు నిలువునా పగిలింది. ఆ పగులు శబ్దమే నేను విన్నది. అమ్మ దాన్ని ఎన్నో ఏళ్ళుగా తీగతో, సైకిల్ ట్యూబ్ ముక్కతో బిగించి బతికించుకుంటూ వచ్చింది. కొత్త పిడి వేయిద్దామంటే ఒప్పుకునేది కాదు. ఇప్పుడు ఆ కట్లన్నీ ఊడి వేలాడుతున్నాయి.

మిర్చి యార్డుకు పోయే దారిలో సాన పట్టే ఒకాయన ఉన్నాడని అక్కడికి తీసుకువెళ్ళాను. ఆయన కత్తిని అటూ ఇటూ తిప్పి, "ఒక దిక్కే పదును తీసిండ్రు మేడమ్. గది గూడ ఉల్టా దిక్కు. రెండు దిక్కులు పడితే సక్కగ దిగుతది" అంటూనే మిషన్ ఆన్ చేశాడు. రాయి తిరిగింది. కత్తి దానికి తగలబోతుండగా నేను "ముట్టకు!" అని అరిచాను. ఆ అరుపు నాది కాదు. అచ్చం మా నాయనమ్మది. ఆమె అదే మాట, అదే గొంతుతో, ఇదే కత్తిని చూసి అరిచిన మధ్యాహ్నం నాకు ఇంకా గుర్తుంది. ఆయన మిషన్ ఆపి నన్ను అదోలా చూశాడు. నేను కత్తిని గుడ్డలో చుట్టుకుని, కొత్తగూడెం బస్సు ఎక్కాను.

మా ఊరు కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే రోడ్డుకు లోపలగా ఉండేది. ఇంటి వెనక కంచె, కంచె దాటితే వాగు, వాగు దాటితే అడవి. వేసవి మొదట్లో వాకిలినిండా ఇప్పపూలు ఆరబోసేవాళ్ళు. ఆ తియ్యటి, పులిసిన వాసన బట్టలకు, జుట్టుకు, చివరికి అన్నానికి కూడా పట్టేది. ఆ తర్వాత తునికాకు రోజులు. ఆడవాళ్ళు తెల్లారకముందే అడవిలోకి వెళ్ళి, పొద్దెక్కేసరికి ఆకుల మూటలతో తిరిగివచ్చి, అరుగుల మీద కట్టలు కడుతూ ఊరందరి గుట్టూ విప్పేవాళ్ళు. మా నాయనమ్మ ఆ సభకు పెద్ద. ఏ పిట్ట ఏ దిక్కున అరిస్తే ఏమవుతుందో, ఏ వేళలో ఎవరు పిలిస్తే పలకకూడదో ఆమెకు తెలుసు. తెలియనివి కూడా తెలిసినట్టే చెప్పేది. ఆమె మాటకు ఎదురు చెప్పే మనిషి మా ఇంట్లో ఒక్కడే. మా నాయిన ముత్తయ్య. అదీ నవ్వుతూ చెప్పేవాడు.

నాయిన వెదురు కొట్టడానికి కూపుల్లోకి వెళ్ళేవాడు. కూపు అంటే ఆ ఏడు నరకడానికి విడిచిపెట్టిన అడవి ముక్క. లారీ కమాను పట్టీ ముక్క ఒకటి సంపాదించి మా ఊరి కమ్మరితో ఆయన ఈ కత్తి కొట్టించుకున్నాడు. మొదట అది కత్తిలా లేదు, గడ్డపారకు చెల్లెలిలా ఉండేది. లావుగా, తిన్నగా, ముక్కు కోసుగా ఉండి, వెదురులో దిగితే మళ్ళీ బయటికి వచ్చేది కాదు. దాన్ని లాగలేక నాయిన తిట్టిన తిట్లు నేను ఇక్కడ రాయలేను. చివరికి కొత్తగూడెంలో యాకూబ్ మామ దుకాణానికి పట్టుకెళ్ళాడు. యాకూబ్ మామ వాళ్ళది తాతల నుంచీ కత్తులు, గొడ్డళ్ళు సాన పట్టే కుటుంబం. సన్నటి మనిషి, కళ్ళకు సుర్మా. పదును చూడటానికి బొటనవేలు వాడేవాడు కాదు. గోటితో కత్తిని మీటి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు.

ఆరోజు నాయిన నన్ను కూడా వెంట తీసుకువెళ్ళాడు కాబట్టి ఆ పనంతా చూశాను. "బరువు నీకు దుష్మన్ కాదు ముత్తయ్యా, దోస్తు. గని దోస్తును ముందటికి తోలాలె, ఎనక పట్టుకోని కూసోవద్దు" అన్నాడు యాకూబ్ మామ. కోసు ముక్కును కోసేశాడు. పిడి దగ్గరి మందాన్ని ఆకురాయితో రాకి రాకి పలుచన చేశాడు. బరువంతా ముందుకు పోయింది. పదును అంచును కొద్దిగా పొట్టలా గుండ్రం తిప్పాడు. పదునును మాత్రం కుడిపక్క ఒక్కదానికే తీశాడు. ఎడమపక్క పలకలా చదును. వెదురు కొట్టే కత్తికి అలాగే ఉండాలట. కుడిచేతివాడికి వాలు కుడివైపున ఉంటే కత్తి తిన్నగా దిగుతుంది. అదే కత్తిని ఎడమచేత్తో కొడితే పక్కకు జారి మోకాలి మీదికి వస్తుంది. తర్వాత తుమ్మకర్ర పిడి చెక్కి, చివర చెయ్యి జారకుండా చిన్న వంపు పెట్టాడు. పిడిలోకి దిగే ఇనుప తోకను ఎర్రగా కాల్చేముందు దాని మీద ఉలితో ఒక చుక్క కొట్టాడు. ఎందుకని అడిగాను. "పిడి ఎక్కిచ్చిన ప్రతిసారి ఒక చుక్క పెడ్త బిడ్డా. మనిషికి కనపడది. ఎవల పనో పైనున్నోనికి ఎరుకుండాలె గద" అన్నాడు. కరిగిన లక్క వాసన, కాలిన తుమ్మకర్ర వాసన కలిసి కళ్ళు మండాయి. పని అయ్యాక చాయ్ తాగకుండా వెళ్ళనిచ్చేవాడు కాదు. ఎవరైనా సరే, బల్ల మీద కూర్చోవాలి, చాయ్ తాగాలి, అప్పుడే లేవాలి.

అప్పటి నుంచి నాయిన కత్తి చప్పుడు మారింది. అడవిలోంచి వాగు దాటి మా ఇంటిదాకా వినిపించేది. ఇంటికి వచ్చాక అదే కత్తితో పెరట్లో నాలుగు కట్టెలు కొట్టి, ఆముదం రాసి, మొద్దులో దించి వెళ్ళేవాడు. కుడిచేతి దెబ్బకు కత్తి ఒక పక్కకు వాలి, పిడి ఎప్పుడూ వంటింటి వైపే చూసేది. తలుపు తీయగానే అమ్మ చేతికి అందేది. నాయినకు పని మీద ఉన్న గౌరవం మనుషుల మీద కొంచెం తక్కువే అనాలి. లారీ కింద పడి కాలు పోయిన ఒకాయన మా వీధిలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆయన్ను చూసి వచ్చినప్పుడల్లా నాయిన అన్నం ముందు కూర్చుని, "పని జెయ్యలేని మొగోడు ఇంట్ల ఉంటె అందరికి ముద్ద దిగది. గంతకన్న అడవిల కలిసిపోవుడు నయం" అనేవాడు. అమ్మ "తినేటప్పుడు గవేం మాటలు" అని కసిరేది. ఆ మాటను నేను పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం అది నన్ను వదలడం లేదు.

ఒక చలికాలం నాయిన కూపు నుంచి తిరిగి రాలేదు. తోటివాళ్ళు వెతికితే ఒక సెలయేటి పక్కన ఆయన తలగుడ్డ దొరికింది. రాళ్ళ మీద నెత్తురు ఉంది. గుడ్డెలుగు అడుగులు ఉన్నాయన్నారు. ఆ నల్లటి ఎలుగుబంటి పేరు ఎత్తితేనే మేం పిల్లలం చెవులు మూసుకునేవాళ్ళం. మనిషి దొరకలేదు, కత్తీ దొరకలేదు. నాయనమ్మ గుండెలు బాదుకుని బొట్టు తీసెయ్యమంది. అమ్మ తీయలేదు. "పీనుగ సూపియ్యి, తీస్త" అంది. అంత మెత్తటి మనిషి అంత మాట అనగలదని మాకెవరికీ తెలియదు. అప్పటి నుంచి అత్తాకోడళ్ళు ఒకే పొయ్యి మీద వండుకుంటూ మాట్లాడుకోవడం మానేశారు. ఏది చెప్పాలన్నా నన్ను మధ్యలో పెట్టి చెప్పేవాళ్ళు. ఒక వానాకాలం గడిచింది, మరొకటి గడిచింది. అమ్మ నుదుటి బొట్టు మాత్రం రోజురోజుకూ పెద్దదయింది.

కత్తి తిరిగి వచ్చింది మిట్టమధ్యాహ్నం. మా ఊళ్ళో మధ్యాహ్నానికి ఉన్న భయం రాత్రికి లేదు. రాత్రయితే దీపం ఉంటుంది, మనుషులు ఇంట్లో ఉంటారు. మధ్యాహ్నం గాలి ఆగిపోతుంది, కోళ్ళు నీడలో ముడుచుకుంటాయి, అడవి ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. అమ్మ వంటింట్లో ఉంది. నేను నాయనమ్మ కాళ్ళు నొక్కుతూ ముందు అరుగు మీద ఉన్నాను. పెరట్లో ఠప్పున ఒక దెబ్బ. అంతే. మేం ముగ్గురం ఒకేసారి వెళ్ళాం. మొద్దులో నాయిన కత్తి దిగి ఉంది. ఇంకా సన్నగా వణుకుతోంది. కంచె అవతల ఎవరూ లేరు. వాగు దగ్గర కొంగలు కూడా లేవలేదు. కత్తి మీద తుప్పు లేదు, నిగనిగలాడుతోంది. ఆముదం వాసన కాదు, ఇప్పనూనె వాసన. అమ్మ చెయ్యి చాపింది. "ముట్టకు!" అని అరిచింది నాయనమ్మ.

పిడి వంటింటి వైపు చూడటం లేదు. కంచె వైపు, అడవి వైపు చూస్తోంది. నాయిన దించినట్టు కాకుండా అద్దంలో చూసినట్టు తిరగబడి వాలింది. మా బాబాయి వచ్చి దాన్ని ఊడదీసి చూస్తే ఇంకా విచిత్రం. ఎడమపక్క చదునుగా ఉండాల్సినది ఇప్పుడు వాలుగా ఉంది. కుడిపక్క వాలుగా ఉండాల్సినది చదునయింది. కత్తి వెడల్పు కూడా కొంత తగ్గింది. పిడి వేరేది. దాని చివరి వంపు కూడా అటు తిరిగింది. అది నాయిన కత్తేనని అందరికీ తెలుస్తోంది, కాదని కూడా అనిపిస్తోంది. నాయనమ్మ ఆ పదును మీద చూపు నిలిపింది. తర్వాత ఏడవకుండా, నిదానంగా చెప్పింది. "సచ్చినోళ్ళకు కుడి ఎడమయితది. కాటికాడ మనం ఎడమకు తిరగమా? నీళ్ళు ఎడమకు ఇడవమా? ఆడ గూడ గంతే. వాడు ఆడ ఎడమచేత్తోటి కొడుతున్నడు. నాకింక దినం గూడ జెయ్యరా అని అడగనీకి పంపిండు."

ఆ ఒక్క మాటతో అన్నీ సరిపోయాయి. చచ్చినవాళ్ళ లోకంలో అన్నీ తిరగబడి ఉంటాయి. కత్తి తిరగబడింది. కాబట్టి నాయిన చచ్చిపోయాడు. ఇన్నాళ్ళూ పీనుగను చూపించమన్న అమ్మ ఆ కత్తిని చూశాక నోరు ఎత్తలేదు. అందరూ ముందు వాకిట్లో దినం గురించి మాట్లాడుకుంటుంటే ఆమె పెరట్లోకి వెళ్ళింది. నేను తలుపు చాటు నుంచి చూశాను. ఒక వెదురు ముక్కను నిలబెట్టి కుడిచేత్తో కొట్టింది. కత్తి జారింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ జారింది. కత్తిని ఎడమచేతిలోకి మార్చుకుంది. ఎన్నడూ ఎడమచేత్తో పుల్ల కూడా విరవని మనిషి. కత్తి బరువు తానే ముందుకు పడి వెదురు నిలువునా రెండయింది. అమ్మ ఆ రెండు ముక్కలనూ చూస్తూ అలాగే కూర్చుంది. ఆమె ముఖంలో కనిపించినది భయం కాదు. అదేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మనిషికి బదులు గడ్డిబొమ్మను కాల్చారు. అమ్మ గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. అమ్మ రాయిలా కూర్చుని చేయించుకుంది. దినం నాడు కోడికూర, గారెలు, నాయినకు ఇష్టమని చేపల పులుసు వండి విస్తరిలో వాగు ఒడ్డున పెట్టారు. కాకి రావాలి, ముట్టాలి, అప్పుడే మేం తినాలి. ఎండ ముదిరింది. చెట్టు నిండా కాకులు ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. బాబాయి దండం పెట్టాడు. "పిల్లను సదివిపిస్తం అన్నా, మంచి సంబంధం జూస్తం, ముట్టు" అన్నాడు. నాయనమ్మ "నీ పెండ్లాన్ని కడుపుల పెట్టుకోని సూసుకుంట కొడుకా" అని మొక్కింది. కాకులు మమ్మల్ని చూస్తూ కూర్చున్నాయి. నోరు మూసుకుని అన్ని కాకులు అలా కూర్చోవడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. చివరికి విస్తరి తీసి ఆవుకు పెట్టి, ఎవరి ముఖం ఎవరూ చూడకుండా ఇంటికి వచ్చాం.

వచ్చేసరికి ఇంటి ముందు యాకూబ్ మామ నిలబడి ఉన్నాడు. మామూలుగా లోపలికి వచ్చి నా నెత్తి మీద చెయ్యి వేసేవాడు. ఆరోజు గేటు దాటలేదు. తుడిచిన అమ్మ నుదురు చూశాడు, గాజుల్లేని చేతులు చూశాడు. ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. ఇంతలో బాబాయి కత్తి తెచ్చి ఇచ్చి, "యాకూబ్, నువ్వు జూడు. గీ పని ఎవలదో జెప్పు" అన్నాడు. యాకూబ్ మామ కత్తిని మీటలేదు, చెవి దగ్గర పెట్టుకోలేదు. "చాతనైనోని పనే" అని మాత్రం అని, తిరిగి ఇచ్చేసి, వచ్చిన బస్సుకే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడు మా ఇంటి వైపు వచ్చినా గేటు బయటే నిలబడేవాడు. మంచినీళ్ళు కూడా తాగేవాడు కాదు. దినం ఇంట్లో తినాల్సి వస్తుందని భయపడి పారిపోయాడని నాయనమ్మ ఆడిపోసుకునేది. నేనూ నమ్మాను.

మర్నాడు మధ్యాహ్నం వాగు అవతల అడవిలో ఎవరో కట్టె కొడుతున్న చప్పుడు వినిపించింది. ఒక దెబ్బ, చాలాసేపటికి ఇంకొక దెబ్బ. నేర్చుకుంటున్నవాడు కొట్టినట్టు తడబడుతూ ఉంది. నాయనమ్మ తలుపులన్నీ వేసి, గడపలకు వేపరెమ్మలు గుచ్చి, "పలకకుండ్రి, సూడకుండ్రి. దినం జేసినంక మనిషి గడప ముందుకొస్తే ఇంటికి అరిష్టం" అని నన్ను చీరకొంగులో దాచేసింది. అమ్మ లేచి, గడియ తీసి, పెరట్లోకి వెళ్ళింది. నాయనమ్మ పిలుస్తూనే ఉంది. అమ్మ మొద్దు ముందు కూర్చుని ఎడమచేత్తో ఒక దెబ్బ వేసింది. అడవిలో చప్పుడు ఆగింది. ఇక్కడ ఇంకొక దెబ్బ. అక్కడ నుంచి ఏమీ లేదు. అమ్మ మాత్రం చెమటలు కారేదాకా కొట్టి, లోపలికి వచ్చి, ముఖం కడుక్కుని, నాకు అన్నం కలిపి పెట్టింది.

ఆ చప్పుడు మళ్ళీ రాలేదు. అమ్మ మాత్రం ఏ మధ్యాహ్నమూ మానలేదు. కట్టెలు ఉన్నా, లేకపోయినా కొట్టేది. నాయనమ్మ పోయాక కూడా, ఊళ్ళో అందరి ఇళ్ళకూ గ్యాస్ వచ్చాక కూడా కొట్టేది. దసరాకు ఆయుధాలకు బొట్లు పెట్టే రోజున ఆ కత్తికి కుంకుమ పెట్టేది. తన నుదుటికి లేని కుంకుమను దానికి ఎంత పెద్దగా పెట్టేదో నేను చూసి తల తిప్పుకునేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక, ఎందుకమ్మా రోజూ ఇలా అని అడిగాను. "చెయ్యి మరిసిపోవద్దు గద" అంది. కుడిచేతి పదును తీయించుకోవచ్చు కదా అంటే, "ఉన్నది ఉన్నట్టు ఉండనియ్యి" అంది. నేను మూఢనమ్మకం అనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, పేర్లు పెట్టడం బాగా వచ్చు.

కొత్తగూడెంలో యాకూబ్ మామ దుకాణం ఇప్పుడు ఆయన కొడుకు జానీ నడుపుతున్నాడు. షట్టరు, కరెంటు సాన, గోడకు వరసగా తగిలించిన స్టీలు కత్తులు. జానీకి కూడా తల నెరిసింది. నేను పేరు చెప్పి గుడ్డ విప్పగానే అతని చెయ్యి ఆగిపోయింది. కత్తిని మీటి, తండ్రిలాగే చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఎడమ పదును" అన్నాడు మెల్లగా. "ఒచ్చిందా అక్కా, గిది?" పగిలిన పిడిని రెండుగా చీల్చి, నల్లటి లక్కను గీకి, బయటపడిన ఇనుప తోకను గుడ్డతో తుడిచి నా ముందు పెట్టాడు. దాని మీద రెండు చుక్కలు ఉన్నాయి. మొదటిది కొట్టినప్పుడు నేను చూశాను. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ కత్తిని ఈ దుకాణానికి తేలేదు.

"అబ్బా పొయ్యేముందు జెప్పిండు" అన్నాడు జానీ, తండ్రిని తలుచుకుని. "ఎడమ కత్తి జిందగీల ఒక్కటే జేసిన, జేసి తప్పు జేసిన అని. ముత్తయ్య మామకు కుడిచెయ్యి లేకుండె అక్కా. మోచెయ్యి కాడికే పోయింది. కోయగూడెమోళ్ళు దొరకబట్టి బతికిచ్చిండ్రట. రెండేండ్లు ఆడనే ఉండి, ఒకనాడు కత్తి పట్టుకోని ఈడికొచ్చిండు. 'యాకూబ్, ఎడమకు పని పడేటట్టు జెయ్యి. పని జేసేటోణ్ణి అయినంకనే ఇంటికి పోత' అన్నడట. ఎడమచేతికి తాకత్ తక్కువని అబ్బా ముందటి బరువు ఇంకింత ఉంచి, కత్తి తనంతల తనే పడేటట్టు జేసిండు. మామ దాన్ని తీస్కపోయి మీ మొద్దుల దించి ఒచ్చిండు. ఎడమచేత్తోని దించిన, సూస్తే నా పెండ్లానికి సమజైతది, ఉండుమంటే ఉంట, లేకుంటె లేదు అన్నడట. ఎవలకి జెప్పనని అబ్బాతోని ఒట్టేపిచ్చుకున్నడు. మీ ఇంట్ల ఏమనుకుంటున్నరో చూసి రమ్మని అబ్బాను పంపి, మామ గీ బల్ల మీదనే కూసున్నడు. అబ్బా ఒచ్చే సరికి మీరు దినం జేసొస్తున్నరు."

"అప్పుడు?" అన్నాను.

"అబ్బా తిరిగొచ్చి ఉన్నది ఉన్నట్టు జెప్పిండు. 'పా, ఇప్పుడే పోదాం, నేను చెయ్యి పట్టుకోని తీస్కపోత' అన్నడట. మామ ఇనలే. ఇంక నేను పోతె ఇంటికి అరిష్టం గద అన్నడట. పొయ్యేటోణ్ణి పట్టుకోని ఆపక, అబ్బా అలవాటు మీద చాయ్ తెప్పిచ్చిండు. ఈడ చాయ్ తాగినోడు లేసుడే గద. మామ తాగిండు. లేసిండు. గంతే."

అందరి మీదా కోపం వచ్చింది. బతికిన కొడుకు సందేశాన్ని చచ్చిన కొడుకు కోరికగా చదివిన నాయనమ్మ మీద, ఒట్టు నిలబెట్టుకున్న యాకూబ్ మామ మీద, చెయ్యి ఒకటి పోతే ఇల్లే పోయిందనుకున్న నాయిన మీద. అన్నిటికంటే అమ్మ మీద ఎక్కువ వచ్చింది. వెదురు రెండయిన ఆ మధ్యాహ్నమే ఆమెకు తెలిసిపోయింది. ఇప్పుడు నాకు అనుమానం లేదు. తెలిసీ గాజులు పగలగొట్టించుకుంది. నలుగురి మాట దాటి వాగు దాటలేక, దాటగలిగినది చప్పుడే కాబట్టి దాన్ని పంపింది. ఖమ్మంలో, కోచింగ్ కాలేజీల మధ్య, ఏ అడవికీ వినిపించని చోట కూడా పంపుతూనే ఉంది. ఈ కాలంలో అయితే ఒక ఫోన్ సరిపోయేది అని అనుకున్నాను. మళ్ళీ నాకే నమ్మకం కలగలేదు. ఫోన్లు ఉన్న ఇళ్ళలో కూడా చెప్పకుండా మిగిలిపోతున్న మాటలు నేను చూడటం లేదా?

జానీ కత్తికి తుప్పు తీసి, ఆకురాయితో అంచు సరిచేసి, కొత్త తుమ్మపిడి చెక్కాడు. పదును ఏ దిక్కు తీయాలని అడగలేదు. పిడి చివరి వంపు మాత్రం ఎటు పెట్టాలన్నట్టు నా వైపు చూశాడు. "ఉన్నది ఉన్నట్టే" అన్నాను. తోక మీద మూడో చుక్క కొట్టాడు. లక్క వాసనకు కళ్ళు మండాయి. ఇప్పనూనె ఎక్కడో మూల నుంచి వెతికి తెచ్చి రాశాడు. చాయ్ తాగి వెళ్ళమన్నాడు. నేను తాగలేకపోయాను.

ప్రతి ఏడూ పెత్రమాసకు పెద్దల పేరు మీద బియ్యం ఇవ్వడం మా ఇంటి ఆచారం. ఎన్నేళ్ళుగానో మొదటి పేరు నాయినదే చెబుతూ వచ్చాం. ఆయన ఏ అడవిలో, ఏ ఊళ్ళో, ఎన్నాళ్ళు ఎడమచేత్తో అన్నం తింటూ బతికి ఉండగా ఆ బియ్యం ఇచ్చామో తెలియదు. ఈసారి అయ్యగారు వచ్చి కూర్చుని పేర్లు అడిగాడు. నాయనమ్మ పేరు చెప్పాను, అమ్మ పేరు చెప్పాను. "నాయినగారిది?" అన్నాడు. ఆ పేరు చెప్పకుండానే బియ్యం అందించాను. ఆయన్ను పంపించాక పెరట్లోకి వెళ్ళాను. ఎండ నడినెత్తిన ఉంది. కత్తిని ఎడమచేత్తో పట్టుకుని మొద్దులో దించాను. అది తనంతట తానే పడి, పిడి పక్కకు వాలింది. లోపలికి వెళ్ళి చాయ్ కాచి, గ్లాసులో పోసి తెచ్చి, మొద్దు మీద ఎడమచేతికి అందేటట్టు పెట్టాను.